తెల్లబట్ట: ఎప్పుడు ఊరుకోవాలి, ఎప్పుడు కదలాలి

తెల్లబట్ట గురించి మన దగ్గర రెండే అభిప్రాయాలు. ఆడవాళ్లన్నాక ఉంటుంది, ఎవరికీ చెప్పకుండా ఓర్చుకోవాలన్నది ఒకటి. ఎముకలు కరిగి కిందికి పోతున్నాయి, గర్భసంచి చెడిపోయింది, ఇక తీయించేయాల్సిందే అన్నది రెండోది. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకే మనిషి ఏళ్ల తరబడి మొదటి అభిప్రాయంతో గడిపి, ఒక్క స్కానింగు కాగితం చేతికి రాగానే రెండో అభిప్రాయంలోకి దూకడం మామూలైపోయింది. ఈ రెండింటి మధ్యా చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఖర్చు లేనివే. ముట్టు వస్తున్న వయసులో ఉన్న స్త్రీల కోసం వాటిని వరుసగా రాస్తున్నాను. ముట్టు ఆగిపోయిన వాళ్ల సమస్యలు వేరు, వాటికి కారణాలూ వేరు.

వరుస మొదలుపెట్టే ముందు ఒక మాట. కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా వ్యాసం తర్వాత చదవండి, ముందు ఆస్పత్రికి వెళ్లండి: పొత్తికడుపులో గట్టి నొప్పితో పాటు జ్వరం, కలయిక తర్వాత గానీ, రెండు ముట్ల నడుమ గానీ రక్తం కనిపించడం, కాన్పు లేదా గర్భస్రావం అయిన కొద్ది రోజులకే కుళ్లు వాసనతో స్రావం, జననాంగం మీద పుండ్లు, నీటి పొక్కులు, కడుపుతో ఉండగా నీళ్లలా కారడం. గర్భిణికి అది ఉమ్మనీరు కావచ్చు, తెల్లబట్టే కదా అని తెల్లవారే దాకా ఆగకూడదు.

మొదట, అది జబ్బేనా అని చూసుకోండి

యోని తనను తాను శుభ్రం చేసుకునే అవయవం. అక్కడ ల్యాక్టోబాసిల్లై అనే మేలు చేసే బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. అవి ల్యాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేసి లోపలి పీహెచ్‌ను (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.8 నుంచి 4.5 మధ్య, అంటే కాస్త పుల్లగా ఉంచుతాయి. ఆ పులుపు ఉన్నంత వరకు చెడ్డ సూక్ష్మజీవులకు అక్కడ చోటు దొరకదు. గర్భసంచి మూతి నుంచి ఊరే జిగురు, రాలిపోయిన కణాలు, ఈ బ్యాక్టీరియా కలిసి బయటికి వచ్చేదే మామూలు తెల్లబట్ట.

అది నెలంతా ఒకేలా ఉండదు. ముట్టు అయిపోయిన కొత్తలో తక్కువగా ఉంటుంది. అండం విడుదలయ్యే రోజుల్లో, అంటే తర్వాతి ముట్టుకు సుమారు రెండు వారాల ముందు, గుడ్డు తెల్లసొనలా సాగుతూ పలుచగా, ఎక్కువగా వస్తుంది. ఆ తర్వాత చిక్కబడి తగ్గుతుంది. కడుపుతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు, కాపర్ టీ వేయించుకున్నాక కొంత పెరగవచ్చు. బట్ట మీద ఆరిపోతే లేత పసుపు మరక పడుతుంది. దురద, మంట, చెడు వాసన, నొప్పి ఏవీ లేకుండా ఇలా వస్తుంటే మందు అవసరం లేదు.

ఎముకలు కరగడం మాటకొస్తే, ఆ స్రావంలో ఎముకకు సంబంధించినది ఏదీ లేదు. నీరసం, నడుము నొప్పి నిజమే కావచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో ఆశ కార్యకర్తను అడిగితే చెబుతుంది. పొద్దంతా వంగి నాట్లు వేసి, మిరప తెంపి వచ్చిన నడుము నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది? ఆ నొప్పికి, ఆ నీరసానికి వేరే కారణాలు వెతకాలి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుంటే సగం జవాబు అక్కడే దొరకవచ్చు. 'వేడి చేసింది' అని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగడం వల్ల నష్టమేమీ లేదు, ఎండాకాలంలో మంచిదే. కాకపోతే ఇన్ఫెక్షన్ మీద వాటి ప్రభావం ఏమీ ఉండదు.

రెండోది, నాలుగు సంగతులు గుర్తు పెట్టుకోండి

డాక్టరు అడిగేవి ఇవే, కాబట్టి ముందే చూసుకుని ఒక చీటీ మీద రాసుకుంటే మంచిది. రంగు, చిక్కదనం ఎలా ఉన్నాయి? వాసన ఉందా, ఉంటే ఎప్పుడు ఎక్కువ? దురద, మంట లోపలా, బయటా? ముట్టుకు ముందు వస్తోందా, తర్వాతా? దీనితో పాటు చివరి ముట్టు తేదీ, ఈ మధ్య వాడిన మందులు, షుగరు ఉందో లేదో రాయండి. తెల్లటి నూలు బట్ట మీద రంగు బాగా తెలుస్తుంది.

మంట విషయంలో ఒక తేడా గమనించాలి. మూత్రం బయటికి వస్తున్నప్పుడు గొట్టం లోపల మంట, మాటిమాటికి వెళ్లాలనిపించడం ఉంటే అది మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు చురుక్కుమంటే, యోని దగ్గర చర్మం ఒరిసిపోయి ఉందన్నమాట. మొదటిదానికి మూత్ర పరీక్ష కావాలి, రెండోదానికి యోని పరీక్ష. బీడీలు చుట్టే చోట, పత్తి చేలల్లో మరుగు లేక గంటల తరబడి మూత్రం ఆపుకునే వాళ్లకు మొదటిది తరచుగా వస్తుంది.

మూడోది, మూడు రకాలను వేరుగా చూడండి

ఈ వయసు స్త్రీలలో యోని ఇన్ఫెక్షన్లు ప్రధానంగా మూడు. పేర్లు కష్టంగా ఉన్నా గుర్తులు తేలికే.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. ఇది బయటి నుంచి శత్రువు వచ్చి పడినట్టు కాదు, లోపలి సమతూకం తప్పడం. మేలు చేసే ల్యాక్టోబాసిల్లై తగ్గి, గార్డ్‌నెరెల్లా లాంటి ఇతర బ్యాక్టీరియా గుంపులుగా పెరుగుతాయి. పులుపు తగ్గి పీహెచ్ 4.5 దాటుతుంది. స్రావం పలుచగా, బూడిద రంగు కలిసిన తెలుపులో, గోడలకు పూసినట్టు సమంగా ఉంటుంది. అసలు గుర్తు వాసన. చేపలు కడిగిన నీళ్ల నీచు వాసన, ముఖ్యంగా కలయిక తర్వాత, ముట్టు సమయంలో. వీర్యానికీ రక్తానికీ క్షార గుణం ఉండటం వల్ల ఆ వాసన అప్పుడు పైకి లేస్తుంది. దురద ఉండదు, ఉన్నా తక్కువ. ఈ వాసనకు సిగ్గుపడి ఆడవాళ్లు సబ్బుతో ఇంకా ఇంకా కడుక్కుంటారు. దాంతో మిగిలిన కాస్త పులుపూ పోయి జబ్బు ముదురుతుంది.

రెండోది కాండిడా అనే ఈస్టు, అంటే ఒక రకం ఫంగస్ వల్ల వచ్చేది. వాసన దాదాపు ఉండదు, దురద మాత్రం నిద్ర పట్టనివ్వదు. స్రావం విరిగిన పాల ముక్కల్లా, తెల్లగా, చిక్కగా అంటుకుని ఉంటుంది. బయటి పెదవులు ఎర్రబడి వాస్తాయి, గోకితే చీలికలు పడతాయి. ప్రతి నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది, కాబట్టి ఇందులో నామోషీ పడాల్సింది ఏమీ లేదు. కడుపుతో ఉన్నప్పుడు, షుగరు అదుపులో లేనప్పుడు, స్టెరాయిడ్లు వాడినప్పుడు, దగ్గుకో జ్వరానికో యాంటీబయాటిక్ కోర్సు వాడిన వెంటనే ఇది రావడం ఎక్కువ. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతున్న వాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. అవి చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి, ఆ చక్కెర ఈస్టుకు మేత. మాత్ర మీరే ఆపేయకండి, ఇచ్చిన డాక్టరుకు దురద సంగతి చెప్పండి.

మూడోది ట్రైకోమోనాస్. ఇది బ్యాక్టీరియా కాదు, ఫంగస్ కాదు, తోకలున్న ఏకకణ పరాన్నజీవి. కలయిక ద్వారా అంటుకుంటుంది. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో, ఒక్కోసారి నురగతో స్రావం, వాసన, దురద, మంట అన్నీ ఉంటాయి. చాలామందికి ఏ లక్షణమూ ఉండకపోవడం ఇందులో చిక్కు. మగవాళ్లలో అయితే మరీ. అతనికి ఏమీ తెలియదు, కానీ అతని నుంచి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

వీటికి తోడు కలయిక ద్వారా అంటుకునే గనేరియా, క్లమిడియా అనేవి గర్భసంచి మూతిని పట్టుకుంటాయి. అవీ తెల్లబట్ట రూపంలోనే కనిపించవచ్చు, చాలాసార్లు అసలేమీ కనిపించకుండా లోపలికి పాకి గర్భనాళాలను మూసేస్తాయి. పిల్లలు కలగకపోవడానికి అదీ ఒక కారణం. పొత్తికడుపు నొప్పిని తేలికగా తీసుకోవద్దనేది అందుకే.

ఇవి చదివి 'నాది రెండో రకం' అని మీరే తేల్చుకుని మందుల దుకాణానికి వెళ్లకండి. అమెరికాలో ఈస్టు మందు సొంతంగా కొనుక్కున్న స్త్రీలను పరీక్షించి చూస్తే, వాళ్లలో ఒట్టి కాండిడా ఉన్నది మూడింట ఒక వంతు మందికే. మిగతా వాళ్లకు వేరే ఇన్ఫెక్షన్లో, రెండు కలిసో ఉన్నాయి, కొందరికి ఏదీ లేదు. గుర్తులు తెలుసుకోవడం డాక్టరుకు సరిగ్గా చెప్పడానికి. మందు నిర్ణయించడానికి అవి చాలవు.

నాలుగోది, ఇవాళ్టి నుంచే కొన్ని ఆపండి

డెటాల్ నీళ్లతో కడగడం ఆపండి. పటిక నీళ్లు, వేపాకు కషాయం, సెంటు కలిపిన జననాంగ వాష్‌లు కూడా. ఏదైనా లోపలికి పోసి కడిగితే మేలు చేసే బ్యాక్టీరియా కొట్టుకుపోతాయి, ఉన్న ఇన్ఫెక్షన్ గర్భసంచి వైపు ఎక్కవచ్చు. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో, ముందు నుంచి వెనక్కి కడుక్కుంటే సరిపోతుంది. లోపలికి వేలు పెట్టి సబ్బు రుద్దడం శుభ్రత కాదు, హాని. ఆ వాష్‌ల ప్రకటనల్లో 'పీహెచ్ బ్యాలెన్స్' అని గొప్పగా రాస్తారు. మీ శరీరం ఉచితంగా చేసుకుంటున్న పనిని మీకే అమ్మడం అది.

మందుల దుకాణంలో 'దురద క్రీము' అని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మీకు అది మంచి మందనిపిస్తుంది, ఇంటిల్లిపాదీ వాడతారు. లోపల ఫంగస్ మాత్రం ముదురుతుంది, చర్మం పలుచబడుతుంది. గజ్జల్లో తామర ఇన్ని ఊళ్లలో ఇంత మొండిగా తయారవడానికి ఈ ట్యూబులు పెద్ద కారణం. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ అనే పేర్లు ట్యూబు మీద కనిపిస్తే పక్కన పెట్టి చర్మవైద్యులకు చూపించండి.

వానాకాలం నాట్లప్పుడు మోకాళ్ల దాకా బురదలో నిలబడి, తడిసిన లంగాతోనే చీకటి పడే దాకా ఉండటం తప్పదు. ఇంటికి రాగానే మాత్రం మొట్టమొదట తడి బట్టలు మార్చుకుని, గజ్జలు పొడిగా తుడుచుకోండి, వంట ఆ తర్వాత. లోపలి బట్టలు నూలువి వాడండి, వాటిని ఎండలో ఆరేయండి. చీర చాటున, మంచం కింద దాచి ఆరేసిన బట్ట సరిగ్గా ఆరదు. ముట్టు బట్టలకూ ఇదే వర్తిస్తుంది. ప్యాడ్ అయినా బట్ట అయినా నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చాలి.

ఐదోది, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోండి

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే సెలైన్ ఎక్కిస్తారు, రెండు రంగుల మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తారు. చూడకుండా ఇచ్చే మందు అది. ఆయన మంచివాడే కావచ్చు, రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే వచ్చేది ఆయనే కావచ్చు. అయినా ఈ సమస్యకు లోపల పరికరం పెట్టి చూసే మనిషి కావాలి.

దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పల్లె దవాఖాన లేదా పట్టణంలో బస్తీ దవాఖానతో మొదలుపెట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' పేరుతో మంగళవారాల్లో స్త్రీలకు ప్రత్యేకంగా వైద్య సేవలు ప్రారంభించింది. మీ దగ్గరి కేంద్రంలో మహిళా డాక్టరు ఏ రోజు ఉంటారో ఏఎన్‌ఎంను గానీ, ఆశ కార్యకర్తను గానీ ముందే అడిగి వెళ్లండి. పొద్దున్నే ఊరి బస్సు ఎక్కి వెళ్లాక 'మేడం ఇవాళ లేరు' అనిపించుకోవడం కంటే ఒక ఫోను నయం.

అక్కడ తేలకపోతే వరంగల్‌లో సీకేఎం ఆస్పత్రి, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఉన్నాయి. వరంగల్‌లోని పెద్దాస్పత్రి ఎంజీఎం సంగతి అందరికీ తెలిసిందే. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో 'సురక్ష క్లినిక్' పేరుతో సుఖవ్యాధులు, జననాంగ ఇన్ఫెక్షన్లకు విడిగా గది ఉంటుంది. పరీక్ష, మందులు, కౌన్సెలింగ్ ఉచితం. ఆ బోర్డు చూసి చాలామంది వెనక్కి తిరుగుతారు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని. అక్కడికి వచ్చే స్త్రీలలో ఎంతోమంది తెల్లబట్ట కోసమే వస్తారు. ముందు ఎవరితోనైనా పేరు చెప్పకుండా మాట్లాడాలనుకుంటే 1097 అనే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ ఉచిత నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఆరోది, పరీక్ష గదిలో

ఇక్కడే ఎక్కువమంది జంకుతారు, అందుకే వివరంగా చెబుతాను.

ముట్టు రోజులు కాకుండా చూసుకుని వెళ్లండి. అంతకు ముందు రెండు రోజులు లోపల ఏ మాత్రా పెట్టుకోకండి, కలయిక వద్దు, కడగడం వద్దు. లేకపోతే డాక్టరుకు కనిపించాల్సింది కనిపించదు. వాసన వస్తుందని సిగ్గుపడి ఆ పొద్దున బాగా కడుక్కుని వెళ్లడం సహజం, కానీ ఆ వాసనే డాక్టరుకు ఆధారం.

ఎలా చెప్పాలో తెలియకపోతే ఇలా మొదలుపెట్టండి: 'మేడం, నాకు తెల్లబట్ట అవుతోంది. రెండు నెలల నుంచి. నీచు వాసన వస్తోంది, దురద లేదు. చివరి ముట్టు ఫలానా తేదీ.' ఇంతే చాలు, మిగతావి వాళ్లు అడుగుతారు. అత్తమ్మనో, వదిననో తోడు తీసుకువెళితే మంచిదే, కానీ ప్రశ్నలడిగేటప్పుడు ఒంటరిగా మాట్లాడాలని కోరడానికి మీకు హక్కుంది. కలయిక గురించి, అంతకు ముందు పోయిన కడుపు గురించి అత్తమ్మ ఎదుట ఎవరు నిజం చెబుతారు?

పరీక్షకు మంచం మీద పడుకుని మోకాళ్లు మడిచి పక్కలకు పెట్టమంటారు. స్పెక్యులమ్ అనే పరికరాన్ని మెల్లగా లోపలికి పెట్టి గోడలను వేరు చేసి గర్భసంచి మూతిని చూస్తారు. బిగుసుకుంటే నొప్పి ఎక్కువ. నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ నడుమును మంచానికి ఆనించి ఉంచండి. నొప్పి పుడితే 'ఆగండి' అనండి, ఆపుతారు, ఆపాలి. గదిలో మహిళా సిబ్బంది ఒకరు ఉండాలని అడగవచ్చు. పెళ్లి కాని పిల్లలకు, ఇంతవరకు కలయిక లేని వాళ్లకు ఈ పరికరం పెట్టరు, దూదిపుల్లతో నమూనా తీస్తారు.

ఆ స్రావంతో చేసే పరీక్షలకు పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. పీహెచ్ కాగితం ముక్క మీద అద్ది రంగు చూస్తారు. మరో చుక్కకు పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపితే బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో నీచు వాసన గుప్పుమంటుంది. గాజు పలక మీద ఉప్పునీటి చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే బ్యాక్టీరియా అంటుకున్న కణాలు, ఈస్టు కొమ్మలు, కదులుతున్న ట్రైకోమోనాస్ కనిపిస్తాయి. ట్రైకోమోనాస్ కదలిక కొద్ది నిమిషాల్లోనే ఆగిపోతుంది, కాబట్టి పలకను వెంటనే చూడాలి. మధ్యాహ్నం దాకా బల్ల మీద పెట్టి ఆ తర్వాత చూసి 'ఏమీ లేదు' అంటే నమ్మడానికి లేదు. వెంటనే చూసినా కొన్ని తప్పిపోతాయి.

ఇంత సులువైన పరీక్షకు బదులు మొదటి రోజే స్కానింగుకు రాసే వాళ్లున్నారు. స్కానింగులో గర్భసంచి ఆకారం కనిపిస్తుంది. యోనిలో ఉన్నది ఈస్టో, బ్యాక్టీరియానో అందులో తెలియదు.

ఏడోది, మందును సరిగ్గా వాడండి

సూక్ష్మదర్శిని లేని కేంద్రాల్లో లక్షణాలను బట్టి మందిస్తారు. అందుకోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రంగుల కిట్లు తయారు చేసింది. తెల్లబట్టకు ఇచ్చేది ఆకుపచ్చ రంగు రెండో నంబరు కిట్. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. పైన చెప్పిన మూడు రకాలకూ కలిపి ఒకేసారి వేసుకునే మందు అది. కడుపుతో ఉన్నా, ముట్టు తప్పినా మందు తీసుకునే ముందే చెప్పండి. ఫ్లూకోనజోల్ మాత్ర గర్భిణులకు ఇవ్వరు, యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రతో సరిపెడతారు.

విడిగా రాసినప్పుడు, బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కూ ట్రైకోమోనాస్‌కూ మెట్రోనిడజోల్ మాత్ర సాధారణంగా రోజుకు రెండు చొప్పున ఏడు రోజులు. నోట్లో ఇనుప రుచి, కడుపులో తిప్పడం ఉంటాయి, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతాయి. మూత్రం రంగు ముదిరినా భయపడకండి. మూడో రోజుకు వాసన పోయిందని మిగతా మాత్రలు అటక మీద దాచకండి. ఈ మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక మరో రెండు మూడు రోజులూ కల్లు, మద్యం ముట్టవద్దని డాక్టర్లు చెబుతారు. ఈ మాట ఆడవాళ్లకు చెప్పడం అనవసరమనుకునే డాక్టర్లు మన పల్లెల్లో పండుగ పూట ఒకసారి కూర్చుంటే తెలుస్తుంది. మేడారం జాతర ముందు కోర్సు మొదలుపెట్టేటట్టయితే తేదీలు లెక్క చూసుకోండి.

కాండిడాకు ఒక్క ఫ్లూకోనజోల్ మాత్ర, లేదా యోనిలో పెట్టే క్లోట్రిమజోల్. దాని బలాన్ని బట్టి ఒక రాత్రి, మూడు రాత్రులు లేదా ఆరు రాత్రులు పెట్టుకోవాలి. పెట్టుకునే పద్ధతి ఎవరూ వివరంగా చెప్పరు, చెప్పకపోవడం వల్లే ఆ మాత్రను నీళ్లతో మింగేసిన వాళ్లున్నారు. రాత్రి పడుకునే ముందు మూత్రానికి వెళ్లి, గోళ్లు కత్తిరించుకున్న చేతులను సబ్బుతో కడుక్కోండి. మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. మాత్రను నీటిలో ఒక్కసారి తడిపి, మధ్యవేలితో వెనక్కి, నడుము వైపుకు నెట్టండి, వేలు వెళ్లగలిగినంత లోపలికి. అంచు దగ్గరే వదిలేస్తే తెల్లవారేసరికి బయట పడుతుంది. ఆ తర్వాత లేచి తిరగకండి, ప్యాడ్ పెట్టుకుని పడుకోండి. పొద్దున సున్నం పొడిలా తెల్లగా కారితే అది కరిగిన మాత్ర. కొన్ని మాత్రలు, క్రీముల్లోని నూనె పదార్థం కండోమును బలహీనపరుస్తుంది, అందువల్ల కోర్సు పూర్తయ్యే దాకా కలయిక మానేయడం మేలు.

ఎనిమిదోది, భర్తతో మాట్లాడటం

ట్రైకోమోనాస్, గనేరియా, క్లమిడియాలకు అతను కూడా మందు వేసుకోవాల్సిందే, లక్షణాలు లేకపోయినా సరే. ఇద్దరి కోర్సూ అయిపోయి వారం గడిచే దాకా దూరంగా ఉండాలి. కాండిడాకు అతనికి మందు సాధారణంగా అవసరం లేదు, అతనికీ దురద, ఎర్రదనం ఉంటే తప్ప. బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో భర్తకు వైద్యం అక్కరలేదని చాలా ఏళ్లు అనుకున్నారు. 2025లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో భర్తకూ ఏడు రోజులు మాత్ర, పూత మందు ఇస్తే స్త్రీలో అది తిరగబెట్టడం బాగా తగ్గింది. మీకు మళ్లీ మళ్లీ వస్తుంటే ఈ సంగతి డాక్టరు దగ్గర ప్రస్తావించండి.

మాట ఎలా కదపాలి? 'నీ వల్లే వచ్చింది' అంటే గొడవ, 'నా వల్ల నీకు వస్తుంది' అంటే నింద మీ నెత్తిన. 'ఇద్దరం మందు వేసుకోకపోతే తగ్గదని డాక్టరమ్మ చెప్పింది, నిన్ను ఒకసారి రమ్మంది' అనడం తేలిక. ట్రైకోమోనాస్ లక్షణాల్లేకుండా నెలల తరబడి ఉండిపోగలదు, అది బయటపడినంత మాత్రాన ఇప్పుడే ఎవరో తప్పు చేశారని తేల్చడానికి వీల్లేదు. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే ఈ మాట మీరు చెప్పవద్దు, కౌన్సెలర్‌కు ముందే ఆ విషయం చెప్పి వాళ్ల సలహా ప్రకారం నడవండి.

తిరగబెడుతుంటే

బ్యాక్టీరియల్ వెజైనోసిస్ తగ్గిన వాళ్లలో సగానికి పైగా ఏడాదిలోపు మళ్లీ దాని బారిన పడతారు. అది మీ అశుభ్రత వల్ల కాదు, ఆ జబ్బు తీరే అంత. కాండిడా ఏడాదిలో మూడు సార్లు లేదా అంతకంటే ఎక్కువ వస్తే షుగరు పరీక్ష, హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవాలి, నమూనాను కల్చర్‌కు, అంటే ల్యాబులో ఈస్టును పెంచి ఏ రకమో చూసే పరీక్షకు పంపమని అడగాలి. మామూలు మందుకు లొంగని ఈస్టు రకాలున్నాయి. లొంగే రకమైతే వారానికొక మాత్ర చొప్పున ఆరు నెలలు వాడే పద్ధతి ఉంది. అప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ ఒక సంచిలో దాచండి. చీటీలు లేకపోతే ప్రతి కొత్త డాక్టరూ పాత మందే మళ్లీ రాస్తారు.

గర్భసంచి తీసేయమంటే

'గర్భసంచికి పుండు అయింది', 'మూతి ఒరిసింది', 'వాచింది', 'ఇలాగే వదిలేస్తే క్యాన్సర్' అనే మాటలు ఈ దశలో వినిపిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, తెలంగాణలో 8 శాతానికి అటూ ఇటూగా ఉన్నారు. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం కంటే అంత ఎక్కువగా చెడిపోతాయా? నాకైతే నమ్మబుద్ధి కాదు. ఇలాంటి అనవసరపు ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023లో తీర్పు ఇస్తూ, వాటిని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

పైన చెప్పిన మూడు ఇన్ఫెక్షన్లూ యోనిలో ఉంటాయి. గర్భసంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది, ఇన్ఫెక్షనూ అక్కడే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కూడా తెల్లబట్ట అవుతోందని వచ్చే వాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ఎముకలను కాపాడే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఆగిపోతుంది, ఎముకలు నిజంగానే గుల్లబారడం మొదలవుతుంది. ఎముకలు కరుగుతున్నాయని భయపడి చేయించుకున్న ఆపరేషనే ఆ పని చేసి పెడుతుంది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ ముందుగా రావచ్చు.

'మూతి ఒరిసింది' అనే మాటకు చాలాసార్లు అర్థం, గర్భసంచి మూతి లోపలి పొర కాస్త బయటికి కనిపిస్తోందని. పిల్లలు కనే వయసులో అది మామూలు సంగతి, క్యాన్సర్ కాదు. క్యాన్సర్ భయం ఉంటే దానికి తగిన పరీక్షలున్నాయి. మూతి దగ్గరి కణాలను తీసి చూసే పాప్ స్మియర్, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష, లేదా వెనిగర్ లాంటి ద్రావణం అద్ది మూతిని చూసే వీఐఏ పరీక్ష. ముప్ఫై దాటిన ప్రతి స్త్రీకీ ప్రభుత్వ కేంద్రాల్లో వీఐఏ చేయాలన్నది జాతీయ కార్యక్రమంలోనే ఉంది. తెల్లబట్ట ఉన్నా లేకున్నా చేయించుకోండి.

క్యాన్సర్, రక్తస్రావం ఆగని పెద్ద గడ్డలు, బయటికి జారిన గర్భసంచి లాంటి వాటికి ఆపరేషన్ అవసరం పడవచ్చు, కాదనను. అలా చెప్పిన డాక్టరును కాగితం మీద మూడు సంగతులు రాసివ్వమని అడగండి. జబ్బు పేరు ఏమిటి? అది ఏ పరీక్షలో తేలింది? ఆపరేషన్ కాకుండా వాడి చూసిన మందులేవి, ఎన్నాళ్లు? అండాశయాలు తీస్తారా, ఉంచుతారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. ఆ కాగితం, స్కానింగు ఫిల్ములు, పాత చీటీల సంచి తీసుకుని, ఆ ఆస్పత్రితో సంబంధం లేని మరో డాక్టరుకు, వీలైతే సీకేఎంలో గానీ హన్మకొండ ప్రసూతి ఆస్పత్రిలో గానీ చూపించండి. జబ్బు పేరు రాయాల్సిన చోట 'తెల్లబట్ట' అని మాత్రమే ఉంటే అంగీకార పత్రం మీద సంతకం పెట్టకండి.